పుప్పొడి వంధ్యత్వం – పంట దిగుబడి: సంకర విత్తన చరిత్ర పరిశీలన

సంగ్రహం: సంకర విత్తనం తయారు కావాలంటే తల్లి మొక్క పుప్పొడి పనిచేయకూడదు. ఆ విత్తనం విత్తిన రైతు పొలంలో మాత్రం పుప్పొడి పనిచేసి తీరాలి. ఈ రెండు అవసరాల మధ్య వైరుధ్యాన్ని పరిష్కరించే ప్రయత్నమే సంకర విత్తన చరిత్ర. పుప్పొడిని ఆపే పని మొదట మనిషి చేతిది. తర్వాత అది మొక్క కణద్రవ్యానికి మారింది. ఈ మార్పుతో విత్తనోత్పత్తి ఖర్చు తగ్గినా, దాని మూల్యం పూర్తిగా తొలగిపోక మరొకచోటికి బదిలీ అయిందని మొక్కజొన్న, సజ్జ, వరి, పత్తి, కంది పంటల చరిత్ర ఆధారంగా నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: పుప్పొడి, పురుష వంధ్యత్వం, కణద్రవ్యం, సంకర తేజం, ఆడమగ వరి, సీడ్ పత్తి.

1. ఉపోద్ఘాతం

తెలుగులో ‘పొల్లు’ అనే మాటకు రెండు ప్రయోగాలున్నాయి. గింజ కట్టని వడ్లు పొల్లు. అచ్చు చేరని హల్లు కూడా పొల్లే. తోడు కావలసినది చేరకపోవడం రెండింటికీ సమానమైన లక్షణం. వరి పూత దశలో ఎండ మితిమీరినా, చలి ఎక్కువైనా, ఎడతెగని వాన కురిసినా పుప్పొడి దెబ్బతిని పొల్లు పెరుగుతుంది. కాబట్టి పుప్పొడిలో సారం లేకపోవడాన్ని రైతు నష్టంగానే ఎరుగును.

అయితే ఇరవయ్యో శతాబ్దపు వ్యవసాయ విజ్ఞానం ఈ లోపాన్నే అధిక దిగుబడికి సాధనంగా మలచుకుంది. రెండు భిన్న వంశాల మొక్కలను కలిపినప్పుడు తొలి తరం సంతానం తల్లిదండ్రుల కంటే బలంగా పెరిగి ఎక్కువ దిగుబడి ఇవ్వడాన్ని సంకర తేజం అంటారు. ఈ తేజం తొలి తరంలోనే పూర్తిగా కనిపిస్తుంది. అందువల్ల సంకర విత్తనాన్ని ఏటా కొత్తగా తయారుచేయాలి. వరి, జొన్న, పత్తి, ఉల్లి వంటి పంటల్లో ఆడ, మగ భాగాలు ఒకే పువ్వులో ఉంటాయి. తల్లిగా ఎంచుకున్న మొక్క తన పుప్పొడితోనే గింజ కట్టుకుంటే సంకరం జరగదు. కాబట్టి సంకర విత్తనం తయారీలో మొదటి ప్రశ్న తల్లి మొక్క పుప్పొడిని ఆపేది ఎవరన్నదే.

ఈ ప్రశ్నకు చరిత్రలో మూడు సమాధానాలు కనిపిస్తాయి. మొదటిది మనిషి చేయి. రెండవది కేంద్రకంలోని జన్యువు. మూడవది కణద్రవ్యం, అంటే కేంద్రకం వెలుపల ఉండి తల్లి నుంచి మాత్రమే సంక్రమించే భాగం. దిగుబడి చరిత్రను సాధారణంగా టన్నులలో, హెక్టార్లలో చెప్పడం రివాజు. ఈ మూడు సమాధానాల చరిత్రగా దాన్ని చదివినప్పుడు టన్నుల లెక్కలో కనబడని అంశాలు బయటపడతాయి.

2. వంధ్యత్వం శాస్త్ర విషయమైన తీరు

పుప్పొడి లేనిదే గింజ లేదని ప్రయోగపూర్వకంగా నిరూపించినవాడు జర్మనీలోని ట్యూబింగెన్‌కు చెందిన రుడాల్ఫ్ యాకోబ్ కమెరారియుస్. 1694లో ప్రకటించిన లేఖలో ఆయన ఆముదపు మొక్కపై చేసిన ప్రయోగాన్ని వివరించాడు. మగపూలు విచ్చకముందే వాటిని తుంచివేస్తే కాయలో గింజ పట్టలేదు. పుప్పొడిని చేత్తో తొలగించి ఫలితాన్ని పరిశీలించిన తొలి ప్రయోగాలలో ఇది ఒకటి. రెండు శతాబ్దాల తర్వాత విత్తన పొలాల్లో జరగబోయే పనికి ఇది పూర్వరూపం.

1760 ప్రాంతంలో యోసెఫ్ కోల్రాయ్టర్ రెండు పొగాకు జాతులను సంకరపరిచాడు. సంతానం ఏపుగా పెరిగింది గాని, దాని పుప్పొడి రేణువులు ముడుచుకుపోయి నిస్సారంగా ఉన్నాయి. ఆ మొక్కను ఆయన కంచరగాడిదతో పోల్చాడు. పెరుగుదలలో బలం, సంతానోత్పత్తిలో లోపం ఒకే మొక్కలో కలిసి కనిపించిన సందర్భమిది. చార్లెస్ డార్విన్ 1876లో వెలువరించిన గ్రంథంలో స్వపరాగ సంపర్కం వల్ల పుట్టిన మొక్కలను, పరపరాగ సంపర్కం వల్ల పుట్టిన మొక్కలను పక్కపక్కన పెంచి పోల్చాడు. మొక్కజొన్నతో సహా అనేక మొక్కల్లో రెండవ రకానిదే పైచేయి అయింది.

వంధ్యత్వం ఏ దారిలో సంక్రమిస్తుందన్న ప్రశ్నకు తొలి జవాబు 1908లో కార్ల్ కారెన్స్ పరిశీలనల్లో దొరికింది. తులసి కుటుంబానికి చెందిన సటూరియా మొక్కల్లో పుప్పొడి లేని ఆడ మొక్కకు ఏ మొక్క పుప్పొడి అద్దినా సంతానం దాదాపుగా ఆడ మొక్కలే అయింది. ఈ లక్షణం మెండెల్ నిష్పత్తులకు లొంగలేదు. 1921లో బేట్సన్, గైర్డ్‌నర్ అవిసె మొక్కల్లో పుప్పొడి వంధ్యత్వాన్ని వర్ణించారు. 1927లో చిటెండెన్, పెల్యూ దానికి వివరణ ఇచ్చారు. ఒక వంశపు కణద్రవ్యంలో మరొక వంశపు కేంద్రకం చేరినప్పుడు, ఆ రెండింటికీ పొంతన కుదరక పుప్పొడి ఏర్పడదన్నది వారి వివరణ సారాంశం.

ఆధునిక పరిభాషలో దీనికి కణద్రవ్య పురుష వంధ్యత్వం అని పేరు. దీనికి మూలం కణద్రవ్యంలోని మైటోకాండ్రియా. కణానికి శక్తిని సమకూర్చే ఈ సూక్ష్మాంగాలకు సొంత జన్యుపదార్థం ఉంటుంది. అది తల్లి నుంచే వస్తుంది. పుప్పొడి తయారీ మొక్కకు అధిక శక్తి అవసరమయ్యే ఘట్టం. మొక్కజొన్న పరాగకోశంలో పుప్పొడిని పోషించే టపీటం పొర కణాల్లో మైటోకాండ్రియాల సంఖ్య దాదాపు 40 రెట్లు పెరుగుతుందని 1978లో వార్మ్‌కే, లీ గుర్తించారు. మైటోకాండ్రియాలో అసాధారణ జన్యువు ఉన్నప్పుడు ఆకు, కాండం, అండాశయం మామూలుగానే ఉంటాయి; పుప్పొడి దగ్గరే మొక్క విఫలమవుతుంది. కేంద్రకంలో పునరుద్ధారక జన్యువు ఉంటే ఈ వైఫల్యం సరిదిద్దబడుతుంది. అంటే వంధ్యత్వం తల్లి నుంచి సంక్రమించే లక్షణం కాగా, దానికి విరుగుడు తండ్రి నుంచి కూడా రాగలదు. సంకర విత్తన పరిశ్రమకు ఈ సూత్రమే పునాది.

3. ఉల్లి నుంచి మొక్కజొన్నకు

ఈ సూత్రం పంట రూపం దాల్చడం ఉల్లితో మొదలైంది. 1925లో కాలిఫోర్నియాలోని డేవిస్‌లో హెన్రీ జోన్స్ ‘ఇటాలియన్ రెడ్’ ఉల్లి మొక్కల్లో పుప్పొడి లేని ఒక మొక్కను గుర్తించాడు. గింజ కట్టలేని ఆ మొక్క పూగుత్తిలోనే చిన్న గడ్డలు ఏర్పడేవి. వాటి ద్వారా వంశం నిలిచింది. 1943లో జోన్స్, క్లార్క్ ఈ వంధ్యత్వపు వారసత్వాన్ని వివరించి, దాన్ని సంకర విత్తనోత్పత్తికి ఎలా వాడాలో ప్రకటించారు.

ఉల్లికి ఒక సౌలభ్యం ఉంది. రైతుకు కావలసింది గడ్డ. సంకర మొక్క పుప్పొడి పనిచేసినా, చేయకపోయినా గడ్డ ఊరుతుంది. ధాన్యపు పంటల్లో ఈ వెసులుబాటు లేదు. రైతు పొలంలో పుప్పొడి పనిచేయకపోతే గింజ ఉండదు. కాబట్టి మొక్కజొన్న, జొన్న, సజ్జ, వరి పంటల్లో వంధ్యత్వం ఎంత అవసరమో, దాన్ని తొలగించగల తండ్రి వరుస కూడా అంతే అవసరం. దీని నుంచి మూడు వరుసల పద్ధతి ఏర్పడింది. పుప్పొడి పనిచేయని ఏ-లైను తల్లి. అదే కేంద్రక లక్షణాలతో, మామూలు కణద్రవ్యంతో ఉండి తల్లి వంశాన్ని నిలిపేది బి-లైను. పునరుద్ధారక జన్యువులున్న ఆర్-లైను తండ్రి. ఏ, ఆర్ లైన్ల కలయికే రైతు కొనే సంకర విత్తనం.

మొక్కజొన్నలో మగపూత జల్లు రూపంలో మొక్క కొసన ఉంటుంది. కండె కాండం మధ్యలో వస్తుంది. జల్లును లాగివేస్తే తల్లి మొక్క సిద్ధమవుతుంది. 1908లో జార్జ్ షల్ సంకర మొక్కజొన్న సూత్రాన్ని ప్రతిపాదించాడు. డొనాల్డ్ జోన్స్ 1910ల చివరిలో జంట సంకరణ పద్ధతిని రూపొందించి విత్తనోత్పత్తిని గిట్టుబాటు చేశాడు. తర్వాతి దశాబ్దాల్లో అమెరికాలో సంకర మొక్కజొన్న విస్తరించింది. ప్రతి వేసవిలో విత్తన పొలాల్లో జల్లు లాగడానికి వేలాది మంది కూలీలు, పాఠశాల విద్యార్థులు అవసరమయ్యేవారు. ఈ ఖర్చును తప్పించే మార్గం టెక్సాస్‌లో దొరికింది. 1940లలో ‘గోల్డెన్ జూన్’ అనే రకంలో గుర్తించిన వంధ్య కణద్రవ్యానికి టెక్సాస్ కణద్రవ్యం, క్లుప్తంగా ‘టి’ కణద్రవ్యం, అన్న పేరు స్థిరపడింది. 1950, 60 దశకాల్లో విత్తన సంస్థలు తమ తల్లి వరుసలను ఈ కణద్రవ్యంలోకి మార్చుకున్నాయి. జల్లు లాగే చేతుల అవసరం చాలావరకు తీరిపోయింది.

4. 1970: ఏకరూపతకు చెల్లించిన మూల్యం

1970లో అమెరికాలో మేడిస్ ఆకు ఎండు తెగులు విజృంభించింది. దక్షిణ రాష్ట్రాల్లో మొదలై వేసవి ముగిసేలోగా ఉత్తరాది మొక్కజొన్న మండలానికి పాకింది. ఆ ఏడాది దేశం మొత్తంలో దాదాపు 15 శాతం పంట నష్టమైంది. దక్షిణాదిన కొన్ని పొలాలు పూర్తిగా పోయాయి. తెగులు కలిగించిన శిలీంధ్రపు ‘టి’ తెగ విడుదల చేసే విషం ‘టి’ కణద్రవ్యమున్న మొక్కలనే ప్రత్యేకంగా దెబ్బతీసింది. అప్పటికి అమెరికాలో సాగవుతున్న మొక్కజొన్నలో సుమారు 85 శాతం ఆ కణద్రవ్యంతోనే ఉంది. రైతులు వేర్వేరు పేర్లతో, వేర్వేరు సంస్థల నుంచి కొన్న విత్తనాలకు తల్లి కణద్రవ్యం మాత్రం ఒక్కటే. కేంద్రకంలో వైవిధ్యం ఉన్నా కణద్రవ్యంలో లేదు.

కారణం 1980లలో అణుస్థాయిలో తేటతెల్లమైంది. 1986లో డ్యూయీ, లెవింగ్స్, టిమోతీ ‘టి’ కణద్రవ్యపు మైటోకాండ్రియాలో ఒక అసాధారణ జన్యువును వర్ణించారు. దానికి ‘టి-అర్ఫ్13’ అని పేరు. అది తయారుచేసే చిన్న ప్రొటీను మైటోకాండ్రియా లోపలి పొరలో చేరుతుంది. శిలీంధ్ర విషం ఆ ప్రొటీనుకు అంటుకున్నప్పుడు పొరలో రంధ్రాలు ఏర్పడి కణం శక్తి కోల్పోతుంది. అంటే పుప్పొడిని ఆపే ప్రొటీనే విషానికి ద్వారమైంది. వంధ్యత్వాన్ని మాత్రమే ఉంచుకుని రోగగ్రాహ్యతను వదిలించుకునే వీలు లేకపోయింది. పునరుద్ధారక జన్యువులు పుప్పొడిని తిరిగి సారవంతం చేసినా, మొక్కను ఆ విషం నుంచి కాపాడలేదు.

ఈ ప్రమాదం సూచన లేకుండా వచ్చినది కాదు. ‘టి’ కణద్రవ్యపు మొక్కజొన్నకు ఈ తెగులు ఎక్కువగా సోకుతోందని 1961లోనే ఫిలిప్పీన్స్ శాస్త్రవేత్తలు మెర్కాడో, లాంటికాన్ ప్రకటించారు. ఆ హెచ్చరిక అమెరికా విత్తనోత్పత్తి దిశను మార్చలేదు. 1970 తర్వాత విత్తన పొలాల్లో జల్లు లాగే చేతులు తిరిగి వచ్చాయి. 1972లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ ప్రధాన పంటల జన్యు దుర్బలత్వంపై నివేదిక వెలువరించింది. ఏకరూపతే దుర్బలత్వానికి మూలమన్నది దాని నిర్ధారణ. కూలి ఖర్చు తగ్గించుకున్న చోట ఒక దేశపు పంటంతా ఒకే ప్రమాదానికి గురయ్యే స్థితి ఏర్పడిందన్నది ఈ ఘటన నుంచి స్పష్టమవుతోంది.

5. జొన్న, సజ్జ: భారతదేశ అనుభవం

భారతదేశంలో కణద్రవ్య వంధ్యత్వం ముందుగా మెట్ట పంటల్లోకి వచ్చింది. 1954లో టెక్సాస్‌లో స్టీఫెన్స్, హాలండ్ మైలో జొన్న కణద్రవ్యంలో కాఫిర్ జొన్న కేంద్రకాన్ని చేర్చి వంధ్య వరుసను ప్రకటించారు. ఆ వరుస ఆధారంగా తయారైన సి.ఎస్.హెచ్-1 జొన్న సంకరం 1964లో భారతదేశంలో విడుదలైంది. సజ్జలో గ్లెన్ బర్టన్ జార్జియా రాష్ట్రంలోని టిఫ్టన్‌లో రూపొందించిన ‘టిఫ్ట్ 23ఎ’ వరుసను తల్లిగా వాడి పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో దిల్‌బాగ్ సింగ్ అత్వాల్ తయారుచేసిన హెచ్.బి.-1 1965లో విడుదలైంది. మెట్ట ప్రాంతపు సజ్జ దిగుబడి పెరగడానికి అది దారితీసింది.

1970ల ఆరంభంలో ఈ సజ్జ సంకరాలను వెర్రికంకి తెగులు తీవ్రంగా దెబ్బతీసింది. ఇది అమెరికా మొక్కజొన్న కథకు పునరావృత్తిగా కనిపిస్తుంది. అయితే కారణం ఒకటి కాదు. తెగులుకు లొంగే గుణం ఆ వంధ్య కణద్రవ్యానిది కాదనీ, తల్లి వరుస కేంద్రక జన్యువులదనీ తర్వాతి పరిశోధనలు తేల్చాయి. తెగులును తట్టుకునే కేంద్రకాన్ని అదే కణద్రవ్యంలో చేర్చి కొత్త వరుసలు తయారయ్యాయి. ఈ తేడాను గుర్తించకుండా కణద్రవ్య వంధ్యత్వమే ప్రమాదకరమనడం చారిత్రకంగా సరికాదు. మొక్కజొన్నలో దోషం కణద్రవ్యానిది. సజ్జలో ఒకే తల్లి వరుసను విస్తారంగా వాడడానిది. రెండింటికీ సమానమైనది ఒక్కటే: విత్తనోత్పత్తికి అనుకూలించిన ఒకే తల్లిపై ఆధారపడటం.

6. వరి: ఒక అడ్డంకి, ఒక సాధనం

వరిలో పుప్పొడి వంధ్యత్వం తొలుత అడ్డంకిగానే ఎదురైంది. 1928లో జపాన్‌లో షిగెమోతో కాటో సంకర సంతానపు సారవంతత ఆధారంగా వరిని ఇండికా, జపానికా అని రెండుగా విభజించాడు. ఈ రెంటినీ కలిపితే సంతానంలో పొల్లు ఎక్కువ. ఎరువును తట్టుకునే జపానికా గుణాన్ని ఇండికా వరిలోకి తేవాలన్న సంకల్పంతో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సహకారంతో 1950లో కటక్ కేంద్రంగా సంకరణ పథకం మొదలైంది. వంధ్యత్వం వల్ల అధికభాగం సంకరాలు నిరుపయోగమయ్యాయి. నిలిచిన కొద్ది రకాల్లో తమిళనాడుకు చెందిన ఏ.డి.టి.-27, మలేషియాలో ఎంపికైన మసూరి ప్రధానమైనవి. తైచుంగ్ 65 అనే జపానికా రకానికీ, మాయాంగ్ ఎబోస్ అనే మలయా రకానికీ పుట్టిన మసూరి ఆంధ్రప్రదేశ్‌లో విస్తారంగా సాగైంది. బాపట్లలో మసూరిని ఒక జనకంగా తీసుకుని రూపొందించి 1986లో విడుదల చేసిన బి.పి.టి. 5204 రకమే సాంబ మసూరి. తెలుగువారు నేటికీ ఇష్టంగా తినే సన్నబియ్యం వంశంలో వంధ్యత్వాన్ని దాటి నిలిచిన ఒక సంకరం ఉందన్నది గమనార్హం.

వంధ్యత్వాన్ని సాధనంగా చేసుకునే ప్రయత్నం ఇదే కాలంలో వేరే దిశలో సాగింది. వరి పువ్వు చిన్నది, కొద్దిసేపే విచ్చుకుంటుంది, ఒక పువ్వుకు ఒకటే గింజ. చేత్తో కేసరాలు తీసి వాణిజ్య స్థాయిలో విత్తనం తయారుచేయడం సాధ్యం కాదు. కణద్రవ్య వంధ్యత్వం లేనిదే సంకర వరి లేదు. 1960లలో ఒకినావాలో షింజో బెంగాల్‌కు చెందిన ‘చిన్సురా బోరో 2’ కణద్రవ్యంలో తైచుంగ్ 65 కేంద్రకాన్ని చేర్చి వంధ్య వరుసను సాధించాడు. మసూరికి జనకమైన తైచుంగ్ 65 ఇక్కడ కూడా కనిపించడం విశేషం.

చైనాలో హునాన్ రాష్ట్రంలోని ఒక వ్యవసాయ పాఠశాల అధ్యాపకుడు యువాన్ లాంగ్‌పింగ్ 1964లో పుప్పొడి లేని వరి మొక్కల కోసం అన్వేషణ ప్రారంభించి, 1966లో తన ఫలితాలు ప్రకటించాడు. సాగు రకాల్లో దొరికిన వంధ్య మొక్కలు స్థిరమైన తల్లి వరుసగా నిలవలేదు. 1970 నవంబరులో హైనాన్ దీవిలో ఆయన సహాయకుడు లీ బిహు, స్థానిక ఉద్యోగి ఫెంగ్ కెషాన్ అడవి వరి గుంపులో పుప్పొడి నిస్సారమైన ఒక మొక్కను కనుగొన్నారు. దాని కణద్రవ్యానికి ‘వైల్డ్ అబార్టివ్’ అని పేరు వచ్చింది. 1973 నాటికి మూడు వరుసలూ సిద్ధమయ్యాయి; 1976 నుంచి చైనాలో సంకర వరి పెద్దఎత్తున సాగైంది. మామూలు రకాలపై సుమారు 20 శాతం అధిక దిగుబడి వచ్చిందని నమోదైంది. ఈ కణద్రవ్యంలో వంధ్యత్వానికి కారణమైన ‘డబ్ల్యు.ఎ.352’ జన్యువును 2013లో చైనా శాస్త్రవేత్తలు వివరించారు. దాని ప్రొటీను టపీటం పొరలో కేంద్రక మూలమైన మరొక ప్రొటీనుతో తగులుకొని, ఆ పొర అకాలంగా నశించేలా చేస్తుంది. 1927లో పొంతన కుదరకపోవడంగా ఊహించినదానికి ఇది అణుస్థాయి ఆధారం.

1973లోనే హుబే రాష్ట్రంలో షీ మింగ్‌సాంగ్ గుర్తించిన నాంగ్‌కెన్ 58 వంధ్య మొక్క మరో దారి చూపింది. దీర్ఘ పగళ్లలో దాని పుప్పొడి పనిచేయదు. పగలు కురచైనప్పుడు పనిచేస్తుంది. ఈ లక్షణం కేంద్రక జన్యువులది కాబట్టి ఒకే కణద్రవ్యంపై ఆధారపడే అవసరం తగ్గింది. అయితే ఇటువంటి వరుసలు కాలానికి, వాతావరణానికి లోబడి ఉంటాయి. ఉష్ణోగ్రత మీద ఆధారపడే వరుసల్లో అదను తప్పి చలి వస్తే తల్లి మొక్క పుప్పొడి తిరిగి పనిచేసి విత్తనం కల్తీ అవుతుంది.

7. తెలుగు నేలలో మూడు పద్ధతులు

భారత వ్యవసాయ పరిశోధన మండలి 1989లో సంకర వరి పరిశోధనను ఉద్యమ స్థాయిలో ప్రారంభించింది. 1994లో విడుదలైన దేశపు తొలి సంకర వరి రకాల్లో రెండు పశ్చిమ గోదావరి జిల్లా మారుటేరు కేంద్రానివి: ఎ.పి.హెచ్.ఆర్.-1, ఎ.పి.హెచ్.ఆర్.-2. మొదటిదానికి తల్లి అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ రూపొందించిన ఐ.ఆర్. 58025ఎ, తండ్రి మారుటేరు రకమైన వజ్రం. తల్లి కణద్రవ్యం హైనాన్ అడవి వరిది. భారతదేశపు సంకర వరి రకాల్లో అధికభాగం నేటికీ ఈ కణద్రవ్యం మీదే ఆధారపడి ఉన్నాయి. దానికి ‘టి’ కణద్రవ్యం వంటి రోగగ్రాహ్యత బయటపడలేదన్నది వాస్తవం. అయితే 1970కి ముందు మొక్కజొన్న విత్తన సంస్థలు కూడా అదే భరోసాతో ఉన్నాయి.

తెలుగు ప్రాంతంలో సంకర వరి చరిత్రకు ఒక విశిష్టత ఉంది. తొలి సంకరాల అన్నం గుణం సాంబ మసూరికి అలవాటుపడిన వినియోగదారులను ఆకట్టుకోలేదు. సంకర వరి సాగు ఎక్కువగా ఉత్తరప్రదేశ్, బీహార్, జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ వంటి రాష్ట్రాల్లో విస్తరించింది. ఆ రైతులకు కావలసిన విత్తనంలో పెద్దభాగం మాత్రం కరీంనగర్, వరంగల్ ప్రాంతాల్లో యాసంగిలో తయారవుతుంది. అక్కడి రైతులు దీన్ని ‘ఆడమగ వరి’ అంటారు. ఏ-లైను, ఆర్-లైను అన్న సాంకేతిక పదాలు చెప్పలేని విషయాన్ని ఈ మాట సూటిగా చెబుతోంది. ఒకే పువ్వులో రెండూ ఉండే వరిని ఆడ సాళ్లు, మగ సాళ్లుగా విడదీసిన వ్యవసాయమిది. కంకి పొట్టలోంచి పూర్తిగా బయటికి రావడానికి గిబ్బరెల్లిక్ ఆమ్లం చల్లడం, పూత వేళ తాడుతోనో కర్రతోనో మగ సాళ్లను కదిలించి పుప్పొడి రేపడం ఇందులోని పనులు. రెండు వరుసల పూత ఒకేసారి రాకపోయినా, ఆ రోజుల్లో వాన పడినా ఆడ సాళ్లలో మిగిలేది పొల్లే. పుప్పొడిని ఆపే పని కణద్రవ్యం చేసినా, పుప్పొడిని అందించే పని, దాని ప్రమాదం సాగుదారు దగ్గరే ఉన్నాయి.

పత్తిలో పద్ధతి వేరు. 1970లో సూరత్‌లో సి.టి. పటేల్ రూపొందించిన హెచ్-4 ప్రపంచంలో వాణిజ్య స్థాయిలో సాగైన తొలి పత్తి సంకరం. దాని విత్తనం చేతిపనితోనే తయారైంది. సాయంత్రం మొగ్గలోని కేసరాలను ఒలిచివేసి, మరునాడు ఉదయం మగ పువ్వు పుప్పొడిని అద్దాలి. ఒక్క కాయకు అనేక గింజలు వస్తాయి కాబట్టి వరిలో సాధ్యం కానిది పత్తిలో గిట్టుబాటైంది. అమెరికాలో అడవి పత్తి జాతి నుంచి తెచ్చిన వంధ్య కణద్రవ్యం ఉన్నా, చేతికూలి చౌకగా దొరికినంతకాలం దాని అవసరం బలంగా కలగలేదు. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల ‘సీడ్ పత్తి’ పొలాల్లో ‘క్రాసింగ్’ అనే ఈ పనిలో బడి మానిన పిల్లలను, ముఖ్యంగా బాలికలను, పెద్దసంఖ్యలో నియోగించిన వాస్తవాన్ని 1990ల నుంచి అధ్యయనాలు వెలుగులోకి తెచ్చాయి. 2002లో బి.టి. పత్తికి అనుమతి లభించిన తర్వాత దేశపు పత్తి సాగులో సంకరాలదే సింహభాగమైంది. విత్తన పొలాల్లో చేతుల అవసరమూ పెరిగింది. దిగుబడి లెక్కల్లో ఈ బాల్యానికి గడి లేదు.

కందిలో మూడు పద్ధతుల మధ్య తేడా ఒకే పంటలో కనిపిస్తుంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో రూపొందిన ఐ.సి.పి.హెచ్.-8 సంకరం 1991లో విడుదలైంది. దానికి ఆధారం కేంద్రక జన్యువు వల్ల కలిగే వంధ్యత్వం. ఇటువంటి తల్లి వరుసను నిలిపే క్రమంలో ప్రతి తరంలో సగం మొక్కల పుప్పొడి సారవంతంగానే వస్తుంది. పూత దశలో మొక్కమొక్కనూ పరీక్షించి ఆ సగాన్ని పీకివేయాలి. ఈ శ్రమ వల్ల విత్తనోత్పత్తి విస్తరించలేదు. తర్వాత కందికి సమీప బంధువైన అడవి జాతి కజానస్ కజానిఫోలియస్ కణద్రవ్యంతో స్థిరమైన వంధ్య వరుసలు సిద్ధమయ్యాయి. వాటి ఆధారంగా ఐ.సి.పి.హెచ్. 2671 మధ్యప్రదేశ్‌లో 2010లో విడుదలైంది. ఐ.సి.పి.హెచ్. 2740 తెలంగాణలో ‘మన్నెంకొండ కంది’ పేరుతో వచ్చింది. చేయి నుంచి కణద్రవ్యానికి జరిగిన ప్రయాణం మొక్కజొన్నలో మాదిరే ఇక్కడా పూర్తయింది. కాబట్టి మొక్కజొన్న అడిగిన ప్రశ్న కందికి కూడా వర్తిస్తుంది.

8. ముగింపు

పై పరిశీలన నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, ఒక పంటలో పుప్పొడిని ఆపే పద్ధతిని జన్యుశాస్త్రం ఒక్కటే నిర్ణయించలేదు. పువ్వు నిర్మాణం, ఒక్క సంపర్కానికి వచ్చే గింజల సంఖ్య, కూలి ధర కలిసి నిర్ణయించాయి. మొక్కజొన్న జల్లు లాగివేతకు అనుకూలించింది. వరి కణద్రవ్యం కోసం అడవి వరి దాకా వెళ్లింది. పత్తి చిన్న చేతులను వెతుక్కుంది.

రెండవది, ప్రతి పద్ధతిలోనూ మూల్యం చోటు మారిందేగాని మాయం కాలేదు. మొక్కజొన్నలో కూలి ఖర్చు జన్యు దుర్బలత్వంగా మారింది. ఆడమగ వరిలో పూత పొంతన కుదరని నష్టం విత్తన రైతు వంతయింది. పత్తిలో అది పిల్లల చదువు మీద పడింది. సంకర వరిని కొనే రైతు ఆ ధాన్యాన్నే మళ్లీ విత్తితే తేజం తగ్గడమే కాక, కొన్ని మొక్కలకు పునరుద్ధారక జన్యువు అందక పొల్లు కంకులు వస్తాయి. ఏటా విత్తనం కొనవలసిన అవసరం ఈ వంధ్యత్వ పద్ధతిలోనే ఇమిడి ఉంది.

మూడవది, దీనివల్ల సంకర విత్తనం త్యాజ్యమని నిర్ధారించడం తగదు. చైనా వరి, భారత జొన్న, సజ్జ పంటల దిగుబడి చరిత్ర అందుకు విరుద్ధంగా ఉంది. తగినదేమిటంటే, ఒక సంకరం విడుదలైనప్పుడు దాని దిగుబడితోపాటు తల్లి కణద్రవ్యం ఎక్కడిది, అదే కణద్రవ్యం ఎంత విస్తీర్ణంలో ఉంది, విత్తనం ఎవరి శ్రమతో తయారవుతోంది అన్న వివరాలు కూడా నమోదై రైతుకు తెలియడం. 1961లో ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన హెచ్చరికను పట్టించుకోకపోవడానికి అమెరికా మొక్కజొన్న తొమ్మిదేళ్లకు మూల్యం చెల్లించింది. పుప్పొడి పనిచేయని మొక్క మీద నిలిచిన దిగుబడికి, ఆ మొక్క తల్లి ఎవరో తెలిసి ఉండటం కనీసపు రక్షణ.